వార్‌హోల్ స్క్రీన్ ప్రింట్లను మ్యూజియంలో ఎలా చూడాలి: కడప నుంచి బయలుదేరే వారికి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే కడప, ప్రొద్దుటూరు, పులివెందుల తల్లిదండ్రులు అక్కడ చూడవలసిన ఊళ్ళలో పిట్స్‌బర్గ్‌ను ముందుగానే రాసుకుంటారు. తిరుమలకు తొలి గడపగా పేరున్న దేవుని కడప చుట్టుపక్కల పుట్టి పెరిగిన వారు, 1976లో ప్రారంభమైన పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి ఆలయాన్ని చూడకుండా ఆ దేశం నుంచి తిరిగి రావడం అరుదు. అదే నగరంలో, ఆ గుడి నుంచి కారులో సుమారు అరగంట ప్రయాణంలో, సరుకులు, ప్రకటనలు, సినీతారల బొమ్మలనే కళగా మలిచే పాప్ పద్ధతి చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ పేరిట 1994లో తెరిచిన ఏడంతస్తుల మ్యూజియం ఉంది. దర్శనం, ప్రసాదం అయ్యాక మిగిలిన పూటను ఏ మాల్‌లోనో గడిపే బదులు అక్కడికి వెళ్ళండి. అయితే కొంత సిద్ధపడి వెళ్ళండి.

సిద్ధపడమనడానికి కారణం ఉంది. వార్‌హోల్ బొమ్మలను చాలామంది గుర్తుపట్టి వదిలేస్తారు: ఇది సినీతార మారిలిన్ మన్రో, ఇది సూప్ డబ్బా, ఇది చైనా నాయకుడు మావో, అయిపోయింది. ఆ తర్వాత వినపడే మాట, ఇలాంటివి మా ఊరి ఫ్లెక్సీ దుకాణంలోనూ చేస్తారు కదా అని. ఆ మాటలో తిరస్కారం ఉన్నా, కళను చూసే దారి కూడా అందులోనే ఉంది. స్క్రీన్ ప్రింటులో ఎవరి ముఖం ఉందన్నది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది; ఆ ముఖం కాగితం మీదికి ఎన్ని పొరలుగా, ఏ వరుసలో, ఎంత జాగ్రత్తగా లేదా ఎంత నిర్లక్ష్యంగా దిగిందో చూడటానికే సమయం కావాలి. ఈ వ్యాసమంతా ఆ సమయాన్ని ఎలా వాడుకోవాలన్నదే.

మొదటి పని కడపలోనే చేయవచ్చు. ఏడు రోడ్ల కూడలి పరిసరాల్లో గానీ, మీ ఊళ్ళో గానీ శుభలేఖలు, గుడ్డ సంచులు, టీషర్టులు అచ్చు వేసే స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం ఇంకా నడుస్తుంటే, రద్దీ లేని వేళ వెళ్ళి, యజమానిని అడిగి, పని జరుగుతుండగా ఒక అరగంట చూడండి. చెక్క ఫ్రేముకు బిగించి కట్టిన సన్నని జాలీ గుడ్డ ఉంటుంది. దాని మీద వెలుతురు తగిలితే గట్టిపడే రసాయనాన్ని పూసి ఆరబెట్టి, అచ్చు కావలసిన బొమ్మ ఉన్న ఫిల్మును దానికి ఆనించి, వెలుతురు చూపిస్తారు. ఫిల్ములో నలుపు ఉన్న చోట వెలుతురు చేరదు కనుక ఆ భాగం నీళ్ళతో కడిగితే పోతుంది. మిగతాది గట్టిపడి జాలీని మూసేస్తుంది. ఇప్పుడు ఫ్రేమును కాగితం మీద దించి, ఒక చివర సిరా పోసి, రబ్బరు అంచున్న పట్టీతో ఒక్క ఊపున లాగితే, తెరిచి ఉన్న రంధ్రాల గుండా మాత్రమే సిరా దిగుతుంది. చిల్లుల రేకును వాకిట్లో పెట్టి ముగ్గుపిండి రాల్చే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

ఆ దుకాణంలో మూడు విషయాలు గమనించండి. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి, ఒక రంగు ఆరాకే రెండోది వేయాలి. రెండో రంగు సరిగ్గా మొదటి దాని హద్దులో కూర్చోవాలంటే కాగితాన్ని ప్రతిసారీ అదే గుర్తుకు ఆనించాలి, అది వెంట్రుకవాసి జరిగినా అంచున తెల్ల గీత మిగులుతుంది లేదా ఒక రంగు మీద ఇంకొకటి ఎక్కుతుంది. సిరా ఎక్కువైతే అక్షరాలు అలుక్కుపోతాయి, తక్కువైతే వెలిసిపోయినట్టు వస్తాయి, జాలీలో సిరా ఎండిపోతే చుక్కలు రాలినట్టు ఖాళీలు పడతాయి. అచ్చు వేసేవారిని అడిగితే ఏ కాగితాన్ని పక్కన పడేస్తారో, ఎందుకో చూపిస్తారు. ఆ పడేసిన కాగితాలను బాగా చూసి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే వార్‌హోల్ అలాంటి వాటిని పడేయలేదు. కావాలనే దాచాడు, చాలాసార్లు కావాలనే రప్పించాడు.

ఆయన జీవితం గురించి ఎక్కువ చదువుకోనక్కరలేదు. 1928లో పిట్స్‌బర్గ్‌లో, ఈనాటి స్లొవాకియా ప్రాంతం నుంచి వలస వచ్చిన పేద కుటుంబంలో పుట్టాడు, 1949లో అక్కడే చిత్రకళ చదువు ముగించి న్యూయార్క్ వెళ్ళి, పత్రికల్లో చెప్పుల ప్రకటనలకు బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్నాడు, 1987లో మరణించాడు. ఒక్క సంగతి మాత్రం మనవాళ్ళకు పనికివస్తుంది. చిన్నప్పుడు తల్లితో కలిసి వెళ్ళిన బైజాంటైన్ కాథలిక్ చర్చిలో, గర్భాలయానికి ముందున్న తెరగోడ నిండా పునీతుల ముఖచిత్రాలు వరుసలు వరుసలుగా ఉండేవి. బంగారు పూత నేపథ్యంలో ఒంటరి ముఖంగా మారిలిన్ మన్రోను చూపిన 1962 నాటి పెద్ద కాన్వాసు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. దానికీ ఆ చర్చి గోడకూ ఉన్న బంధుత్వాన్ని చాలామంది విమర్శకులు ప్రస్తావించారు. పూజగదిలో పటాలను వరుసగా పేర్చుకునే ఇంటి నుంచి వెళ్ళిన వారికి ఆ బంధుత్వాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మ్యూజియంలోకి. ముదురు రంగు దుస్తులతో వెళ్ళండి. కాగితం మీది ప్రింట్లను అద్దం లేదా పారదర్శకమైన ప్లాస్టిక్ పలక వెనుక ఉంచుతారు. తెల్లచొక్కా వేసుకుంటే బొమ్మకంటే మీరే ఎక్కువ కనపడతారు. కాగితానికీ సిరాకూ వెలుతురు శత్రువు కనుక ఆ గదుల్లో దీపాల వెలుతురు తక్కువగా ఉంటుంది. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళు సర్దుకునేదాకా కొద్ది నిమిషాలు ఆగండి. చదవడానికి కళ్ళద్దాలు వాడేవారు వాటిని తప్పక వెంట తీసుకెళ్ళాలి, ఎందుకంటే ముఖ్యమైన చూపంతా దగ్గరి చూపే. ఫోటోలు తీయవచ్చా అన్నది ద్వారం దగ్గరే అడిగి తెలుసుకోండి. తీయనిచ్చినా ఫ్లాష్ వాడకూడదు. ఈ మ్యూజియంలో పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ వస్తే కళాకారుడి వయసు క్రమంలో పని కనపడుతుంది, కాబట్టి లిఫ్టులో ముందు పైకి వెళ్ళండి. అన్నీ చూడాలనుకోవద్దు. నాలుగైదు ప్రింట్లను ఎంచుకుని వాటి ముందు నిలబడటమే నేను సిఫారసు చేసేది; మోకాళ్ళ నొప్పులున్న వారికి కూడా అదే మంచిది.

ప్రతి బొమ్మ పక్కన ఉన్న చిన్న పలకలో పేరు, సంవత్సరం తర్వాత వచ్చే వరుసను తప్పక చదవండి. కాగితం మీద స్క్రీన్ ప్రింటు అని ఉందా, కాన్వాసు మీద అక్రిలిక్ రంగు, సిల్క్‌స్క్రీన్ సిరా అని ఉందా, ఇవి రెండూ కాక కేవలం రంగులతో వేసిన చిత్రమని ఉందా చూడండి. కాగితం ప్రింటులో సాధారణంగా ప్రతి రంగూ స్క్రీన్ ద్వారానే దిగుతుంది, ఒకే బొమ్మకు వందల ప్రతులు ఉంటాయి. కాన్వాసు మీదైతే పెదవులు, జుట్టు, నేపథ్యం వంటి రంగు భాగాలను ముందు చేత్తో పూసి, ఆ పైన ఫోటో నుంచి చేసిన స్క్రీన్‌తో నలుపు దించడం ఆయనకు అలవాటు. ఇక ప్రపంచమంతా స్క్రీన్ ప్రింట్లనుకునే 1962 నాటి 32 క్యాంప్‌బెల్ కంపెనీ సూప్ డబ్బాల చిత్రాలు అసలు స్క్రీన్ ప్రింట్లే కావు. ఆ డబ్బాలను ఆయన చేత్తో గీసి, రంగులు వేసి, అడుగున ఉన్న పువ్వు గుర్తులను ముద్రలతో అద్దాడు. స్క్రీన్ మీద అచ్చు వేసిన సూప్ డబ్బాలు 1968, 1969 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా, అంటే ఒక్కో కట్టగా చేర్చిన ప్రింట్ల వరుసలుగా, వచ్చాయి. పలక చదవని వారికి ఈ రెండూ ఒకటే.

ఇప్పుడు అసలు పని. 1967 నాటి మారిలిన్ మన్రో ప్రింట్లలో ఒకటి గోడ మీద దొరికిందనుకుందాం. దొరక్కపోతే మరే ముఖం ప్రింటు ముందైనా ఇదే పద్ధతి పనిచేస్తుంది. ఇది పది ప్రింట్ల సంపుటం, ఒక్కోటి 36 అంగుళాల చదరం, 250 ప్రతులు వేశారు. పది కాగితాల మీదా ఉన్నది ఒకే ఫోటో: 1953లో విడుదలైన నయాగరా సినిమా ప్రచారం కోసం తీసినది. ముందుగా పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడండి. ఆ దూరం నుంచి ముఖం అతికినట్టు, మెరుస్తున్నట్టు, సినిమా పోస్టరులా కనపడుతుంది. అక్కడినుంచే ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో ఎన్ని రంగులున్నాయి? వేళ్ళ మీద లెక్కపెట్టండి. నేపథ్యం, ముఖం, జుట్టు, కనురెప్పల మీది పూత, పెదవులు, వీటన్నిటినీ కట్టిపడేసే ఫోటో పొర. ప్రతి రంగూ ఒక స్క్రీన్ అని మీకు ఇప్పటికే తెలుసు.

తర్వాత, కాపలా సిబ్బంది అభ్యంతరం చెప్పనంత దగ్గరికి వెళ్ళి, లెక్క సరిచూసుకోండి. ఒక రంగు ఇంకో రంగు మీదికి ఎక్కి మూడో రంగుగా మారిన చోట్లు ఉంటాయి. అవి సాధారణంగా జుట్టు ముఖాన్ని తాకే చోట, పెదవుల చివర్లలో దొరుకుతాయి. అక్కడ ఏ సిరా పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడండి. పై పొర అంచు తెగకుండా సాగుతుంది, కింది రంగు దాని గుండా మసకగా తెలుస్తుంది. ఈ ఒక్క ఆధారంతో అచ్చు వేసిన వరుసను మీరే తిరిగి కట్టుకోవచ్చు: ఏది ముందు, ఏది తర్వాత, ఏది చివర. ఈ వరుసను మనసులో ఒకసారి పూర్తిగా నడిపించుకున్న వారికి ఆ ముఖం అంతవరకూ కనపడిన ముఖంగా మళ్ళీ కనపడదు. కనురెప్పల మీది రంగు కన్ను మీద లేదు, కాస్త పక్కకు జరిగి అతికించినట్టుంది. పెదవుల ఎరుపు పెదవులకంటే వేరే ఆకారంలో ఉంది. ఫోటోలోని మనిషి ఒకచోట, ఆమెకు వేసిన అలంకరణ ఇంకొకచోట. అందమైన ఆ స్త్రీ పైన సినిమా పరిశ్రమ పూసిన పూత ఎంత విడిగా, ఎంత తేలిగ్గా ఊడి వచ్చేట్టుగా ఉందో రంగు ఇలా పక్కకు జరగడమే ఒక్క మాట లేకుండా చెబుతుంది. శుభలేఖల దుకాణంలో పక్కన పడేసే తప్పు ఇక్కడ చెప్పదలచిన విషయమే అయింది.

తప్పులను చూడటంలో ఇంకో మెట్టు ఉంది, దానికి మంచి ఉదాహరణ లండన్‌లోని టేట్ సంస్థ దగ్గరున్న 1962 నాటి మారిలిన్ జంటచిత్రం. మన్రో ఆ ఏడాది ఆగస్టులో మరణించింది. ఆ తర్వాతి నెలల్లోనే వార్‌హోల్ దీన్ని చేశాడు. యాభై ముఖాలు: ఎడమవైపు ఇరవై అయిదు రంగుల్లో, కుడివైపు ఇరవై అయిదు నలుపులో. కుడివైపు ఒక నిలువు వరుసలో సిరా ఎక్కువై ముఖాలు నల్లగా అలుక్కుపోయాయి. అంచుకు వెళ్ళేసరికి సిరా చాలక ముఖం పొగలా వెలిసిపోయింది. ఇక్కడ కన్నీళ్ళు పెట్టుకున్న ముఖం ఒక్కటీ లేదు, సంతాపం తెలిపే గుర్తూ లేదు. పట్టీ మీద చేతి ఒత్తిడి, జాలీలో ఎండిన సిరా, ఇవే ఒక మనిషి మాసిపోవడాన్ని చూపించాయి. తాను యంత్రంలా ఉండాలనుకుంటున్నానని వార్‌హోల్ 1963లో ఒక ముఖాముఖిలో చెప్పాడు. ఆ మాటను నమ్మవలసిన పని లేదు. యంత్రం అచ్చు వేస్తే యాభై ముఖాలూ ఒకేలా వచ్చేవి.

మీరు నిలబడిన ప్రింటులో ఇలాంటివి వెతకండి: పట్టీ లాగిన దిశలో పడిన చారలు, సిరా మందంగా చేరిన అంచులు, జాలీ నేత కనపడే చోట్లు, ఫోటో చుక్కలు కలిసిపోయి మచ్చగా మారిన నీడలు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. 1960ల మొదట్లో ఆయన, 1963 నుంచి సహాయకుడు జెరార్డ్ మలాంగా, స్వయంగా లాగిన కాన్వాసుల్లో ఇవి ఎక్కువ. 1967 తర్వాతి కాగితం సంపుటాలను వృత్తి ముద్రాపకులు అచ్చు వేశారు కనుక అందులోని తేడాలు చాలావరకు ముందే ఆలోచించి పెట్టినవి. రెంటినీ ఒకే తూకంతో తూచకండి.

ఒకే సంపుటంలోని ప్రింట్లు పక్కపక్కన వేలాడుతుంటే చూసే పద్ధతి మారాలి. మొదట అన్నిటినీ ఒక్క చూపులో చూసి, ఏది మిమ్మల్ని ముందుగా లాగిందో గుర్తుపెట్టుకోండి. తర్వాత ఎడమ నుంచి కుడికి నడుస్తూ, బొమ్మ మారలేదు, రంగు మాత్రమే మారింది అన్న సంగతిని మనసులో పెట్టుకుని, మీ భావం ఎక్కడ మారిందో చూసుకోండి. 1971 నాటి విద్యుత్ కుర్చీ సంపుటం ఇందుకు సరైన పరీక్ష. మరణశిక్ష అమలు చేసే గదిలో ఖాళీ కుర్చీ, పది ప్రింట్లు, ఒకదాంట్లో అది స్పష్టంగా ఉంటే ఇంకొకదాంట్లో రంగులో దాదాపు మునిగిపోతుంది, మరొకదాంట్లో పండుగ రంగుల్లో ముద్దుగా కూడా కనపడుతుంది. ఆ ముద్దుతనం దగ్గర ఇబ్బందిగా అనిపిస్తే బొమ్మ తన పని చేసినట్టే. అభిమాన నటుడి, నాయకుడి ముఖాలను ప్రతి కూడలిలో చూస్తూ పెరిగిన మనకు, పదేపదే చూసిన బొమ్మ దేన్ని బలపరుస్తుందో, దేన్ని మొద్దుబారుస్తుందో అనుభవంలో ఉన్న విషయమే. 1972 నాటి పది మావో ప్రింట్ల ముందు ఆ అనుభవాన్ని వాడుకోండి. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్ళిన ఏడాది అది. కోట్ల ఇళ్ళలో ఉన్న అధికారిక ముఖచిత్రానికి నీలం ముఖం, గులాబీ చెంపలు పెట్టి, పైన కొన్నిటిలో పిచ్చిగీతలు గీశాడు. భక్తా, వెక్కిరింతా అని తేల్చుకోవడానికి తొందరపడకండి. నాకు రెండూ కనపడతాయి, వెక్కిరింత కాస్త ఎక్కువగా.

1980 నాటి చెప్పుల ప్రింట్లు గానీ, 1981 నాటి పురాణపాత్రల సంపుటంలో మెరుపు చల్లిన ప్రింట్లు గానీ ఎదురైతే ఎదురుగా నిలబడకుండా పక్కనుంచి నడవండి. వజ్రపు పొడి అని పేరున్నా, తళతళలాడేది ఎక్కువగా నూరిన గాజు పొడి; మీరు కదిలితేనే అది కదులుతుంది.

ఫోటో ఎక్కడిదన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. 1964 నాటి పూల చిత్రాలకు ఆధారం ప్యాట్రీషియా కాల్‌ఫీల్డ్ తీసిన ఫోటో. అనుమతి లేకుండా వాడినందుకు ఆమె దావా వేయగా, ఒప్పందంతో ముగిసింది. ఆ తర్వాతి కాలంలో ముఖచిత్రాలకు ఆయన తానే పోలరాయిడ్ కెమెరాతో ఫోటోలు తీసుకోవడం పెరిగింది. గాయకుడు ప్రిన్స్ బొమ్మ విషయంలో ఇలాంటి వివాదమే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2023లో ఫోటో తీసిన లిన్ గోల్డ్‌స్మిత్‌కు అనుకూలంగా తీర్పు వచ్చింది. బొమ్మ ఎంత గొప్పదైనా ఈ ప్రశ్న దాని వెంటే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి చూడమని నేను చెప్పను.

సంతకం, అంకెలు చూసి ఎక్కువ సమయం వృథా చేయవద్దు. భిన్నంలా రాసిన ఆ అంకెల్లో గీతకు పైన ఉన్నది ఆ ప్రతి సంఖ్య, కింద ఉన్నది మొత్తం ప్రతుల సంఖ్య. చిన్న సంఖ్య ఉన్నంత మాత్రాన మంచి ప్రతి కాదు. 1967 మారిలిన్ ప్రింట్లలో సంతకం వెనుకవైపు ఉంటుంది కనుక గోడ మీద కనపడనే కనపడదు. ధరల గురించి కూడా అంతే. 1964 నాటి ఒక మారిలిన్ కాన్వాసు 2022 వేలంలో 19.5 కోట్ల డాలర్లకు పోయిందన్న సంగతి తెలిశాక చాలామంది బొమ్మను చూడటం మానేసి అంకెను చూస్తారు.

ఇంత దూరం ప్రయాణం వీలుకాని వారు ఇదే పద్ధతిని హైదరాబాదు, బెంగళూరు గ్యాలరీల్లో ప్రయత్నించవచ్చు. తోట వైకుంఠం, ఎం.ఎఫ్. హుసేన్ చిత్రాలకు చేసిన సెరిగ్రాఫ్‌లు అక్కడ కనపడుతుంటాయి. అవీ స్క్రీన్ ప్రింట్లే. వైకుంఠం బొమ్మల్లో పసుపు, ఎరుపు చీరల అంచుల దగ్గర పొరల వరుసను వెతకడం మంచి సాధన. అయితే అక్కడ ముద్రాపకుడి లక్ష్యం వేరు: ముందే పూర్తయిన చిత్రానికి వీలైనంత దగ్గరగా రావడం. అందుకని పక్కకు జరిగిన రంగులు, మచ్చలు దొరకవు, దొరికితే అవి నిజంగానే తప్పులు.

పిట్స్‌బర్గ్ మ్యూజియంలో నేలకింది అంతస్తులో సందర్శకులు తమ చేతులతో స్క్రీన్ ప్రింటు వేసి చూసుకునే పనిగది ఉంది. తెరిచి ఉండే వేళలను ముందే కనుక్కుని, మనవలను వెంటబెట్టుకుని, బొమ్మలన్నీ చూశాక చివరగా అక్కడికి వెళ్ళండి. పట్టీని ఒకసారి గట్టిగా, ఒకసారి తేలిగ్గా లాగి రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, పైన గదుల్లో చూసిన చారలు, మచ్చలు ఎలా పుట్టాయో చేతికి తెలుస్తుంది. ఓపిక ఉంటే అప్పుడు మళ్ళీ పైకి వెళ్ళి ఒక్క ప్రింటును రెండోసారి చూడండి.

బయటికి వచ్చేటప్పుడు దుకాణంలో పోస్టరు కొనాలనిపిస్తే కొనుక్కోండి, కానీ దాన్ని స్క్రీన్ ప్రింటు అనుకోకండి. భూతద్దంతో చూస్తే పోస్టరులోని ప్రతి రంగూ నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కల గుంపుగా విడిపోతుంది. స్క్రీన్ ప్రింటులో రంగు పరుచుకున్న చోట అలాంటి చుక్కలుండవు, ఒకే సిరా పొర నిండుగా ఉంటుంది. మరొక రకం ప్రతులు కూడా బజారులో తిరుగుతుంటాయి. సండే బి. మార్నింగ్ పేరుతో 1970 నుంచి వచ్చిన ఆ మారిలిన్ ప్రింట్లు స్క్రీన్ మీద వేసినవే కానీ వార్‌హోల్ సంపుటానికి చెందినవి కావు. తొలి విడతల వెనుక మీ సంతకం మీరే పెట్టుకోండి అన్న అర్థం వచ్చే ముద్ర ఉంటుంది. వాటిలో కొన్నిటి మీద వార్‌హోల్, ఇది నాది కాదు అని రాసి, కింద తన సంతకం చేశాడు. అలాంటిది ఎవరైనా అమ్మజూపితే ముందు కాగితం వెనుకవైపు చూపించమనండి.